ఆకుపచ్చ చుక్క

పెయింటరుగారి భార్యకు అబద్ధమాడటం రాదు. రానివాళ్ళు ఆడితే ఎలా ఉంటుందో చూడాలంటే ఆ పూట ఆవిడ కుట్టుగదిలో కాసేపు కూర్చుంటే చాలు. కళ్ళు మూసుకుని కూడా సూదిలో దారం ఎక్కించగల మనిషి, అడిగిన ప్రతి ప్రశ్నకూ బెజ్జం దొరక్క తడుముకుంటోంది.

ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చున్న డిటెక్టివును తెలిసినవాళ్ళంతా కందిరీగ అంటారు. పోలీసు ఉద్యోగంలో ఉండగా కుర్ర కానిస్టేబుళ్ళు చాటుగా పెట్టిన పేరు. ఉద్యోగం వదిలేసినా పేరు ఆమెను వదల్లేదు. ఆమెకూ దాని మీద కోపం లేదు. కుడుతుందేమోనన్న భయం ఉంటే చాలు, ఎదుటివాళ్ళు సగం నిజం వాళ్ళంతట వాళ్ళే చెప్పేస్తారని ఆమె అనుభవం. ఈవిడ దగ్గర మాత్రం ఆ పాచిక పారడం లేదు.

"పోయిన వారం కడుపునొప్పి వచ్చిన రోజు ఏం తిన్నారు వదినా?"

"రిహార్సల్‌కి వెళ్తే ఎవరో బిస్కెట్ ఇచ్చారమ్మా. కాదనలేక తిన్నాను."

"పోయిన వారం రిహార్సలే లేదు. హాలుకు సున్నం వేస్తున్నారు. నేను వెళ్ళి చూసొచ్చాను."

ఆవిడ తల ఎత్తలేదు. ఒళ్ళో ఉన్న రాజుగారి వేషం కోటుకు జరీ అంచు కుడుతూ, అయితే అది అంతకు ముందు వారమేమో అంది. అంతకు ముందు వారపు నొప్పికి నిన్ననే పక్కింటి పిల్ల పుట్టినరోజు కేకును బాధ్యురాల్ని చేసింది. పక్కింట్లో పిల్లలే లేరు. కందిరీగకు నవ్వొచ్చింది, వెంటనే జాలీ వేసింది. ఈ వయసులో ఇంత చేతకాని అబద్ధాలు ఆడుతోందంటే, జీవితమంతా వాటితో అవసరం పడి ఉండదు.

నాలుగు రోజుల కిందట పెయింటరుగారే ఆమె ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. నాటకాలకు తెరలు రాసే మనిషి. అడవి, రాజమహల్, సముద్రం, ఏది కావాలన్నా గోడంత గుడ్డ మీద దింపేస్తారు. ఆయన భార్య అదే నాటకాలకు వేషాల బట్టలు కుడుతుంది. ఇద్దరూ ఒక చూరు కింద పనిచేస్తూ ముప్పై ఏళ్ళు గడిపేశారు, పిల్లలు లేరు. ఐదేళ్ళ కిందట ఆవిడకు సీలియాక్ అని తేలింది. గోధుమలో, బార్లీలో ఉండే గ్లూటెన్ అనే పదార్థం లోపలికి వెళ్తే చాలు, ఒంట్లోని రక్షణ వ్యవస్థ దారి తప్పి సొంత పేగు లోపలి పొరనే కొరికేస్తుంది. దానికి మందూ మాత్రా లేవు. జీవితాంతం గోధుమ గాలి సోకకుండా బతకడమే వైద్యం. ఇక్కడ తిప్పలు ఏమిటంటే రొట్టె తినకపోతే సరిపోదు. రొట్టె కోసిన కత్తితో ఇంకేదైనా కోసుకున్నా చాలు, దానికి అంటిన ఆ కాస్త పొడే పేగును పాడు చేసేస్తుంది.

మొదట్లో అంతా బాగానే సాగింది. పరీక్షల్లో అంకెలు మామూలుకొచ్చాయి, ఆవిడ ఒళ్ళు చేసింది. ఏడాదిగా మళ్ళీ తిరగబడింది. నొప్పి, విరేచనాలు, జుట్టు ఊడటం, వేళ్ళ తిమ్మిరి. మొన్నామధ్య ఇస్త్రీపెట్టె ఎత్తబోతే మణికట్టు పుటుక్కున విరిగింది. ఎముకలు గుల్లబారాయన్నారు. ఎక్కడినుంచో గోధుమ రోజూ ఒంట్లోకి అందుతోందని డాక్టరు తేల్చి చెప్పింది.

"ఎవరో నా భార్యకు గోధుమ పెడుతున్నారమ్మా. మా ఇంట్లో, నా కళ్ళ ముందే. ఎవరో కనిపెట్టు. ఆ మనిషి దొరికితే నేను..." అని పెయింటరుగారు ఆగిపోయారు. జన్మలో ఎవరి మీదా చెయ్యెత్తని మనిషికి ఆ వాక్యం ఎలా ముగించాలో తెలియలేదు. రంగు మరకల చేతులు రెండూ జోడించి ఊరుకున్నారు.

అలాంటి మనిషి భార్య ఇప్పుడు ఎవరినో వెనకేసుకొస్తోంది. ఎవరిని?

"మందుల షాపువాణ్ణి మాత్ర పైపూత దేనితో చేశారని నిలదీసే మనిషట మీరు. రిహార్సల్‌కి సొంత గ్లాసు పట్టుకెళ్తారట. అలాంటి మీరు మొహమాటానికి బిస్కెట్ తిన్నారంటే నేను నమ్మాలా?" అంది కందిరీగ, గొంతు బాగా తగ్గించి.

ఆవిడ జవాబు చెప్పేలోగా బయట జీపు ఆగింది. ఆవిడ చేతిలో సూది కూడా ఆగింది.

* * *

ఇన్‌స్పెక్టరు పెరట్లో తెరలు రాసే షెడ్డులోకి వచ్చేసరికి పెయింటరుగారు నిచ్చెన మీద ఉన్నారు. పైనుంచి కిందికి వేలాడుతున్న కొత్త తెర నిండా ఆకాశం, దాని కింద చెట్ల వరస. పెద్ద నాటక కంపెనీ ఒకటి ఇచ్చిన ఆర్డరు. ఇది కుదిరితే ఏడాదంతా పనికి లోటుండదు.

ఈ ఇన్‌స్పెక్టరు ఒకప్పుడు కందిరీగ చేతి కింద పని నేర్చుకున్నవాడే. అందుకే ఇప్పటికీ అక్కా అంటాడు, ఆ పిలుపులో కాస్త కారం కలిపి. పెయింటరు భార్యకు అన్నగారొకాయన ఉన్నాడు. చెల్లెలికి భర్తే విషం పెడుతున్నాడని ఆయన ఫిర్యాదు ఇచ్చాడు. సాయంత్రం వచ్చి చెల్లెల్ని తనతో తీసుకుపోతానని కబురూ పెట్టాడు.

ఇన్‌స్పెక్టరు తిన్నగా అటక కిందికి వెళ్ళి, మూలనున్న ఒక పాత డబ్బాను కిందికి దింపించాడు. తన పనితనం అందరికీ కనబడాలని దాన్ని వెలుతురులో పెట్టాడు.

"పాతకాలపు ఆకుపచ్చ రంగు. ఇందులో ఆర్సెనిక్ ఉంటుంది. కొంచెం కొంచెం పెడితే కడుపునొప్పి, జుట్టు ఊడటం, వేళ్ళ తిమ్మిరి. ఎక్కడో విన్నట్టు లేదూ అక్కా?"

అది తన తండ్రి రోజులనాటిదని, ఎవరూ ముట్టుకోకూడదనే పైన పెట్టానని పెయింటరుగారు నిచ్చెన దిగి వచ్చి చెప్పారు. ఆయన గొంతులో భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువుంది. ఆయన భార్య గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

కందిరీగ డబ్బాను చుట్టూ తిప్పి చూసింది. ఎప్పుడో కారిన రంగు మూతనూ డబ్బానూ కలిపి ఎండిపోయి ఉంది. ఆ పెచ్చు ఎక్కడా చిట్లలేదు.

"మూత తియ్యకుండా విషం ఎలా తీశారు తమ్ముడూ, మంత్రం వేసా?"

ఇన్‌స్పెక్టరు ముఖం కాస్త చిన్నబోయింది గానీ తేరుకున్నాడు. విషం ఈ డబ్బాలోది కాకపోతే ఇంకో డబ్బాలోది, అది ల్యాబువాళ్ళు చూసుకుంటారు, ముందు చెయ్యి ఎవరిదో చూడమన్నాడు. భార్య పది రోజులు అన్నగారింట్లో ఉంటే ఆరోగ్యంగా ఉంది, తిరిగొచ్చిన మర్నాడే పడకేసింది. భర్త తెరలు కట్టడానికి పొరుగూరు వెళ్తే లేచి తిరిగింది, ఆయన రాగానే మళ్ళీ మొదలు.

"దీనికి జవాబు చెప్పు. నీకు ముసలాయన మీద జాలి ఉంటే ఉండనీ. లెక్క మాత్రం జాలిపడదు."

చిక్కేమిటంటే ఆ లెక్క కందిరీగ కూడా వేసింది. వేసిన ప్రతిసారీ అదే జవాబు వచ్చింది. పెయింటరుగారు దగ్గరుంటే ఆవిడకు జబ్బు, దూరంగా ఉంటే కులాసా. నాలుగు రోజులుగా ఆమె ఆ జవాబును ఎవరికీ చెప్పకుండా కొంగున కట్టుకుని తిరుగుతోంది.

ఊరుకున్నప్పుడు ఆమె కళ్ళు ఊరుకోవు. తెర మీద తిరిగాయి. పెయింటరుగారి కుంచె భుజం నుంచి కదులుతుంది. ఆకాశమంతా బారెడు బారెడు గీతలు, తడబాటు లేకుండా. కానీ చెట్ల తలల మీద, ఆకాశం మొదలయ్యే చోట, గీతలు మారిపోయాయి. అక్కడ చిన్నచిన్నవి, ఒకదాని పక్కన ఒకటి, ఒత్తుగా. చిరుగు పడిన చోట దారంతో అల్లినట్టు. వెలుతురుకు అడ్డంగా తల వంచి చూస్తే ఆ నీలం కింద ఇంకో రంగు పొర లీలగా కనబడింది. అది ఆకుపచ్చ.

తెర కింద రంగు డబ్బాలు వరసగా ఉన్నాయి. ప్రతి డబ్బా పిడికీ దారం చుట్టి ముళ్ళు వేసి ఉన్నాయి. ఒకదానికి ఒక ముడి, ఇంకోదానికి రెండు, మరోదానికి మూడు.

"ఇవేమిటి అన్నయ్యగారూ?"

"మా ఆవిడ కట్టింది. కరెంటు పోయినప్పుడు తడిమి తెలుసుకోవచ్చని. మంచి బుర్రలే" అన్నారాయన. అంటూ ఒక డబ్బా అందుకున్నారు. మూత మీద రంగు చారలు కొట్టొచ్చినట్టున్నా ఆయన చూపు అటు పోలేదు. వేళ్ళు ముందు ముడి దగ్గరికి వెళ్ళాయి.

పట్టపగలు. కరెంటూ ఉంది.

కందిరీగ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి ఒక గంట గడువు అడిగింది. తాను నేర్పిన పనికి గురుదక్షిణ అనుకోమంది. అతను వాచీ చూసుకుని, వీధి చివర టీ తాగొచ్చేదాకా అన్నాడు. పెయింటరుగారు మాత్రం గేటు దాటకూడదన్నాడు.

* * *

వంటిల్లు చూపించమంటే పెయింటరుగారి ముఖం వెలిగింది. తన తెరలను కూడా ఆయన అంత గర్వంగా చూపించరేమో.

తెరగుడ్డ మీద రంగు వేసే ముందు మైదా ఉడికించిన బంక పూయాలి. అప్పుడే గుడ్డ బిగుసుకుని రంగు నిలుస్తుంది. షెడ్డు నిండా టర్పెంటైను, అక్కడ పొయ్యి వెలిగిస్తే కొంపలంటుకుంటాయి. కాబట్టి బంక ఇంట్లోనే ఉడకాలి. తన ఇంట్లోకి గోధుమ వచ్చే దారి అదొక్కటేనని ఆయనకు తెలుసు. అందుకని భార్యకు జబ్బు బయటపడిన వారంలోనే వంటింటిని రెండు రాజ్యాలు చేసేశారు. జల్లెడలు రెండు, చెక్క గరిటెలు రెండు, గిన్నెలు రెండు. గిన్నెలు తోమే పీచు కూడా రెండు. ఆవిడవాటికి ఆకుపచ్చ చుక్క, బంకవాటికి నీలం చుక్క. అన్నీ స్వయంగా ఆయన చేత్తో పెట్టినవే. మైదా డబ్బా షెడ్డు దాటి లోపలికి రాదు, కావలసినంత అక్కడే నీళ్ళలో కలిపి తెస్తారు. బంక కాచిన రోజు పొయ్యి కడిగి, గట్టు తుడిచి, చొక్కా మార్చుకుంటే గానీ భార్య వైపు రారు.

"ఏడాదిగా జావ కూడా నేనే కాస్తున్నాను. ఆర్డర్లు తగ్గి ఖాళీ వచ్చింది కదా. ముప్పై ఏళ్ళు ఆవిడ చేతి తిండి తిన్నాను, ఇప్పుడు నా వంతు. బియ్యప్పిండి రెండుసార్లు జల్లించి మరీ కాస్తాను, ఉండ కట్టదు. ఎదురుగా కూర్చుని చివరి చెంచా దాకా తాగిస్తాను. లేకపోతే సగం వదిలేస్తుంది" అని నవ్వారు. ఎలాగూ వచ్చావు కదా, నువ్వూ ఒక గ్లాసు తాగివెళ్ళమ్మా అన్నారు.

తనకోసం ఎవరైనా పొయ్యి మీద గిన్నె పెట్టి ఎన్నేళ్ళయిందో కందిరీగకు గుర్తులేదు. హోటలు భోజనంతో రోజులు నెట్టుకొచ్చే మనిషి. సరేనని తల ఊపబోయింది. కానీ అదే క్షణంలో ఏడాది అన్న మాట చెవిలో గుచ్చుకుంది. ఆవిడ జబ్బు తిరగబెట్టిందీ ఏడాదిగానే.

కందిరీగ ఆవిడ వైపు అలమరలోంచి చెక్క గరిటె తీసింది. కాడ మొదట్లో పెసరగింజంత చుక్క ఉంది.

"ఇది ఎవరిది అన్నయ్యగారూ?"

"ఆవిడదే. చుక్క కనబడటం లేదూ? మామూలు ఆకుపచ్చ కాదది. లేత మామిడాకు రంగు. నేనే కలిపాను, ఏ కంపెనీ డబ్బాలోనూ దొరకదు."

చుక్క నీలంగా ఉంది. ఏ అనుమానానికీ చోటు లేనంత నీలంగా.

వెనక గుమ్మంలో కత్తెర నేల మీద పడిన చప్పుడైంది. కందిరీగ తిరిగి చూడలేదు. గరిటె గుంటకూ కాడకూ మధ్య సందులో గోరు పెట్టి గీకింది. ఎండి గట్టిపడిన తెల్లటి పెచ్చు ఊడి వేలి మీదికి వచ్చింది. చెక్క పీల్చుకున్నది ఎంత తోమినా పోదు. వేడి జావలో తిప్పినప్పుడల్లా కాస్త కాస్త వదులుతుంది.

నాలుగు రోజులుగా వెతుకుతున్న చెయ్యి దొరికింది. అది ఆమె ముందు జోడించి, ఎవరో కనిపెట్టమని వేడుకున్న చెయ్యే.

షెడ్డు గొళ్ళెం వేసిందో లేదో చూసి రమ్మని ఆయన్ను బయటికి పంపింది. ఇన్‌స్పెక్టరు మనుషులు రంగులు తొక్కేస్తారేమోనంటే ఆయన నమ్మి పరుగున వెళ్ళారు.

* * *

"మీకు తెలుసు" అంది కందిరీగ.

ఆవిడ కిందపడ్డ కత్తెర తీసుకుని, కొంగుతో తుడిచి, గట్టు మీద పెట్టింది. ఇక అబద్ధాలు వెతుక్కునే ఓపిక ఆవిడలో కనబడలేదు.

"మొదట్లో గరిటె మారిపోయిందేమో అనుకున్నానమ్మా. బంక గరిటెను తీసుకెళ్ళి షెడ్డులో పడేశాను. 'నీ గరిటె అక్కడెందుకుందోయ్' అని కడిగి మళ్ళీ తెచ్చి పెట్టారు. పోనీ అని కొత్తవి కొన్నాను. వాటికీ చుక్కలు పెట్టారు." ఆవిడ నవ్వబోయింది, అది ఏడుపయింది. "అన్నిటికీ నీలమే."

మిగతాదంతా ఆవిడ ఆగి ఆగి చెప్పింది. జావ పారబోద్దామంటే ఆయన కదలరు. ఆకలి లేదంటే తన వంట నచ్చలేదనుకుని చిన్నబుచ్చుకుంటారు. ఆయనకు నీలమూ ఆకుపచ్చా ఒకటైపోయాయని ఆవిడకు తెర మీద తెలిసింది. ఆకాశం నిండా పచ్చ పూసి, ఎలా ఉందోయ్ అని పిలిచారట. బాగుందండీ అంది. ఆయన నిద్రపోయాక వెళ్ళి దాని మీద నీలం దిద్దుకొచ్చింది. కుంచె పట్టడం రాదు, కుట్టు కుట్టినట్టే వేసింది. డబ్బాలకు ముళ్ళు వేసి కరెంటు మీద నెట్టేసింది. వంటింట్లో మాత్రం ముడి వెయ్యలేకపోయింది. ఆ చుక్కలు ఆయనే పెట్టినవి. వాటి పక్కన ముడి వేస్తే, మీ చుక్క మీకే కనబడటం లేదని ముఖం మీద చెప్పినట్టే కదా.

"కళ్ళలో శుక్లం ముదిరితే ఇలాగే అవుతుంది వదినా. ఆపరేషన్ చేస్తే మళ్ళీ కనబడొచ్చు. డాక్టరుకు చూపించాలి గానీ..."

"మా మామగారు అలాగే వెళ్ళి రెండు కళ్ళూ పోగొట్టుకుని వచ్చారు. ఆయన కూడా తెరలే రాసేవారు. కంటి డాక్టరు మాట ఎత్తితే ఈయన అన్నం ముందునుంచి లేచిపోతారు." ఆవిడ కందిరీగ చెయ్యి పట్టుకుంది. "ఈ తెర అయ్యేదాకా చెప్పకమ్మా. రంగు తప్ప ఆయనకింకేముంది?"

"మీరున్నారు."

ఆ సంగతి ఇంతకాలం తట్టనట్టే ఆవిడ చూసింది.

గట్టు మీద ఫోను మోగింది. పేరు చూసి ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. కందిరీగే ఎత్తి ఇద్దరికీ వినబడేలా పెట్టింది. డాక్టరు తిన్నగా విషయంలోకి వచ్చింది. పోయిన వారం పేగులోంచి తీసిన ముక్కల పరీక్ష ఫలితం వచ్చింది. లోపలి పొర మళ్ళీ చదునైపోయింది, ఐదేళ్ళ కిందట ఎలా ఉందో అలా. అదంతా ఒక ఎత్తు, ఇది ఇంకో ఎత్తు: ఒక ముక్కలోని కణాలు తనకు నచ్చలేదు. దాన్ని ఇంకో నిపుణుడికి పంపింది. అది ఏమీ కాకపోవచ్చు. కానీ పేగు ఇలా ఏళ్ళ తరబడి మంటలో ఉంటే అరుదుగా ఒక రకం క్యాన్సర్‌కి దారి తీస్తుంది. ఈ రోజే వచ్చి చేరితే మిగతా పరీక్షలు చేస్తానంది.

"గోధుమ ఆగితే పొర మళ్ళీ పెరుగుతుందమ్మా. మెల్లగానైనా పెరుగుతుంది. ఆగకపోతే మాత్రం నేను ఏ మాటా ఇవ్వలేను" అని పెట్టేసింది.

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. జావ కోసం ఆయనే పెట్టి వెళ్ళిన నీళ్ళు. కందిరీగ వెళ్ళి పొయ్యి ఆర్పింది.

"ఆ ముక్క సంగతి మాత్రం ఆయనకు చెప్పొద్దు" అంది ఆవిడ. "గరిటె సంగతి కూడా..."

"గరిటె సంగతి విన్నానోయ్."

పెయింటరుగారు పెరటి గుమ్మంలో ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. ఆయన వెనక ఇన్‌స్పెక్టరు, టీ తాగి వచ్చినట్టున్నాడు. పెయింటరుగారు లోపలికి వచ్చి గట్టు మీది గరిటె తీసుకున్నారు. కిటికీ దగ్గరికి వెళ్ళి కంటికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు. నలభై ఏళ్ళు రంగులు కలిపిన మనిషి, ఒక పెసరగింజంత చుక్క ముందు ఓడిపోయి నిలబడటం చూడలేక కందిరీగ తల తిప్పుకుంది.

"ఇది ఏ రంగు?"

ఆవిడ కందిరీగ వైపు చూసింది. అక్కడినుంచి సాయమేమీ రాలేదు.

"నీలమండీ."

ఆయన తల ఊపారు. గరిటె కింద పెట్టలేదు.

"ముళ్ళ సంగతి నాకు తెలుసోయ్. ఒకటి నీలం, రెండు ఆకుపచ్చ, మూడు పసుపు. ఆకాశంలో నీ కుట్లు నా వేళ్ళకు తగిలాయి. నాకు కనబడటం లేదని నీకు తెలిసిపోయింది. ఆ తెలిసిన సంగతి నాకు తెలియనట్టు ఉంటే నీకు బాధ తగ్గుతుందనుకున్నాను. తెర మీదే కదా, ఇద్దరం కలిసి నెట్టుకొస్తున్నాం కదా అనుకున్నాను. నీ గిన్నెలోకి వచ్చిందనుకోలేదు." గరిటె కాడ మీది చుక్కను బొటనవేలితో తడిమారు. "చివరి చెంచా దాకా తాగించానే."

తర్వాత ఆయన ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి రెండు చేతులూ ముందుకు చాపారు.

"మీ లెక్క సరిపోయింది బాబూ. నేనే."

అంత పెద్ద ఇన్‌స్పెక్టరూ ఆ చేతుల వంక చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఏ సెక్షన్ కింద రాయాలో అక్కనే అడగాలన్నట్టు కందిరీగ వైపు చూశాడు. ఆమె దగ్గర అంతకన్నా పనికొచ్చే ఆలోచన ఉంది. జీపు ఖాళీగానే ఉంది కదా, హాస్పిటల్ దాకా తిప్పమంది. వెనక వార్డులో కంటి డాక్టరు కూడా కూర్చుంటాడు, ఒక్క పెట్రోలు ఖర్చుతో రెండు పనులు అవుతాయంది. సాయంత్రం అన్నగారు వస్తే నిజమేదో తానే కూర్చోబెట్టి చెబుతానంది.

కంటి డాక్టరు అనగానే ఆవిడ భర్త ముఖంలోకి బెదురుగా చూసింది. ఆయన లేచిపోలేదు. తనకోసమైతే మళ్ళీ జన్మలోనైనా వెళ్ళేవారు కారేమో. "నీ గరిటె నేను గుర్తుపట్టాలి కదా" అన్నారు, అంతే.

బయల్దేరే ముందు ఆయన కుట్టుగదిలోకి వెళ్ళి భార్య మంచినీళ్ళ గ్లాసు తెచ్చారు. అది ఎన్నడూ వంటింటి గడప తొక్కనిది. పెట్టెలోంచి ఏదో ఒక దారం ముక్క లాగి, గ్లాసు చుట్టూ తిప్పి, కళ్ళు మూసుకుని ముడి వేశారు. దాని పక్కన ఇంకో ముడి వేశారు. ఆ దారం ఎరుపు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు.

గేటు దగ్గర జీపు ఎక్కబోతూ ఆయన ఆగారు. బానెట్ మీద అరచెయ్యి ఆన్చి నిలబడ్డారు.

"జీపు ఏ రంగు?"

"నీలమండీ."

"నాకు ఆకుపచ్చగా కనబడుతోంది" అన్నారాయన.

ఏడాదిలో ఆ మాట ఆయన పైకి అనడం అదే మొదలు. ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని మెట్టు ఎక్కించింది. తనూ ఎక్కి పక్కన కూర్చుంది. ముందు సీట్లోంచి కందిరీగ అద్దంలో ఆవిడ ముఖం చూసింది. కుట్టుగదిలో తడుముకున్న ముఖం కాదది. బెజ్జం దొరికిన ముఖం.

"ఏవండీ, నేనూ ఒకటి దాచాను" అంది ఆవిడ. "డాక్టరు ఫోను చేసింది. ఒక ముక్క ఆవిడకు నచ్చలేదట."

పెయింటరుగారు ముడి వేసిన గ్లాసును ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టి, ఖాళీ అయిన రెండు చేతులతోనూ ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"పోనీ తమ్ముడూ" అంది కందిరీగ. "గుంటలు చూసుకుని పోనీ."